పటిక, చిల్లగింజ, కృష్ణ నీళ్లు

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు నల్లాల్లో వచ్చే కృష్ణ నీళ్లు నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి అయి, పైపుల్లో చాలా దూరం ప్రయాణం చేసి సాహెబ్‌నగర్ రిజర్వాయర్లకు చేరతాయి. మొదటి దశ 2004లో అందింది. పంపుల గురించీ ఖర్చు గురించీ చాలా చర్చ జరిగింది గానీ, అసలు బురదనీళ్లు ఎలా తేటపడతాయన్నది ఎవరికీ పట్టలేదు.

ఇసుక వెంటనే అడుగుకు దిగుతుంది. బంకమట్టి దిగదు. దాని రేణువులు మరీ చిన్నవి, పైగా వాటి మీద రుణావేశం. నీళ్లలోని ధన అయాన్లు వాటి చుట్టూ మబ్బులా మూగుతాయి. ఈ మబ్బు లెక్కను 1910లో గూయీ, 1913లో చాప్‌మన్ విడివిడిగా కట్టారు. రెండు రేణువుల మధ్య ఉన్న కోట్లాది నీటి అణువుల్నీ అయాన్లనీ సగటు చేసేస్తే మిగిలేదే వాటి మధ్య పనిచేసే బలం. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, లోపలి కోడ్ దాచేసి ఇంటర్‌ఫేస్ మాత్రం చూపించడం. ఆ బలం దూరంగా ఉన్నప్పుడు తోస్తుంది, బాగా దగ్గరైతే లాగుతుంది. ఉప్పు కలిపితే మబ్బు పలచబడి కాదు, కుదించుకుపోయి, తోపుడు తగ్గుతుంది. రేణువులు అతుక్కుని ముద్ద కడతాయి. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట ఒండ్రు పేరుకోవడానికి ఇదీ ఒక కారణమే.

ఏ అయాన్ ఎంత పనిచేస్తుందో 1882లో షుల్జ్ గమనించాడు, 1900లో హార్డీ స్థిరపరిచాడు. ఆవేశం పెరిగేకొద్దీ కావలసిన మోతాదు విపరీతంగా పడిపోతుంది. ఎందుకో చెప్పడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. యుద్ధం మధ్యలో, 1941లో సోవియట్ దేశంలో దెర్యాగిన్, లాందౌ. హాలండ్‌లో ఫిలిప్స్ ప్రయోగశాలకు చెందిన వెర్వే, ఓవర్‌బీక్ తమ దారిన తాము పనిచేసి 1948లో పుస్తకం వేశారు. ఆవేశం బాగా ఎక్కువున్న రేణువులకైతే మోతాదు ఆరో ఘాతంలో తగ్గుతుందని తేలింది. ఒక ఆవేశమున్న అయాన్ 729 పాళ్లు కావలసినచోట మూడు ఆవేశాల అల్యూమినియం ఒక్క పాలు చాలు.

పటికలో ఉన్నది ఆ అల్యూమినియమే. అయితే బిందెలో పటిక తిప్పితే జరిగేది ఇదొక్కటే కాదు. అల్యూమినియం నీటితో చర్య జరిపి జిగురులాంటి హైడ్రాక్సైడ్ అవుతుంది, అది మట్టిని ఊడ్చుకుంటూ దిగుతుంది.

అంతకుముందు మన ఊళ్లలో కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవాళ్లు. మనుస్మృతి ఆరో అధ్యాయంలోనే ఈ మాట ఉంది: ఆ చెట్టు కాయ నీళ్లను తేర్చుతుంది గానీ, దాని పేరు తలచినంత మాత్రాన నీళ్లు తేరవు. దీన్ని పట్టుకుని మనవాళ్లకు అంతా ముందే తెలుసని వాదించేవాళ్లతో నాకు పేచీ. వాళ్లకు తెలిసింది గింజ, మోతాదు, ఓపిక. ఆవేశం లెక్క కాదు. అలాగని అది చిన్న విద్యేం కాదు. గింజలోని పొడవాటి అణువులు రేణువుల మధ్య వంతెన వేస్తాయి, ఆ సంగతి పై నలుగురి లెక్కలో లేదు.

నీటిశుద్ధి కేంద్రాల్లో ఇప్పటికీ పటిక మోతాదు సూత్రంతో తేలదు. వానాకాలం నీళ్లు రంగు మారితే వరసగా బీకర్లలో వేర్వేరు మోతాదులు వేసి, కలిపి, కాసేపు ఆగి, ఏది ముందు తేటపడిందో కంటితో చూస్తారు.