మాట వెనుక కథ: ప్లాస్మాన్

ప్లాస్మాన్ అనగానే రక్తంలోని ప్లాస్మా గుర్తొస్తుంది. చుట్టరికం ఉన్న మాటే. గ్రీకులో ప్లాస్మా అంటే మలచినది అని అర్థం. 1928లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ఆ పేరును విద్యుదావేశాలు నిండిన వాయువుకు పెట్టాడు. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల గుంపూ అలాంటిదే. అది ఒక్కుమ్మడిగా ఊగినప్పుడు ఆ ఊపులోని శక్తి పొట్లానికి 1956లో డేవిడ్ పైన్స్ ప్లాస్మాన్ అని పేరు పెట్టాడు. చివరి ‘ఆన్’ ఎలక్ట్రాన్, ఫోటాన్‌ల వరసలోదే.

పేరు కొత్తది, పని మాత్రం పాతది. బ్రిటిష్ మ్యూజియంలోని నాలుగో శతాబ్దపు రోమన్ లైకర్గస్ గిన్నె ముందునుంచి వెలుగుపడితే ఆకుపచ్చగా, వెనకనుంచి పడితే ఎర్రగా కనిపిస్తుంది. గాజులో కలిసిన వెండి, బంగారు నలుసుల్లో ఎలక్ట్రాన్లు ఊగడమే కారణం. ఎంత అందమైన సంగతి!

నలుసులో ఈ ఊపు కొన్ని ఫెమ్టోసెకన్లలోనే అణగిపోతుంది. సెకనును వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్కటి ఫెమ్టోసెకను. అందుకే దీన్ని చూడాలంటే అంతే పొట్టి లేజర్ మెరుపులు కావాలి. మొదటి మెరుపు ఎలక్ట్రాన్లను ఊపుతుంది. కాస్త ఆలస్యంగా వచ్చే రెండోది కొన్నిటిని బయటికి ఎగరగొడుతుంది. అలా ఎగిరిన ఎలక్ట్రాన్లతోనే ఒక ప్రత్యేక మైక్రోస్కోపు బొమ్మ కడుతుంది. ఆ ఆలస్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే ఊపు నడక దొరుకుతుంది.

ఈ మాటకు తెలుగు పేరు వెతకనక్కర్లేదు, ప్లాస్మాన్ అనే రాద్దాం.