తొంబదిమూడు సంతకములు

1914 వ సంవత్సరము ఆగష్టు 25 వ తేదీ రాత్రి బెల్జియము దేశమునందలి లూవేన్ పట్టణమున విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు జర్మను సైనికులు నిప్పు పెట్టిరి. ఆ విశ్వవిద్యాలయము 1425 లో వెలసినది. సుమారు 3 లక్షల ముద్రిత గ్రంథములును, వేయికి దగ్గరగా వ్రాతప్రతులును భస్మమైనవి. పట్టణమున 248 మంది పౌరులు ప్రాణములు కోల్పోయిరి. ఊరివారు చాటునుండి తమపై తుపాకులు కాల్చిరని సేనాధికారులు చెప్పిన కారణము. అట్టి తిరుగుబాటు ఏదియు జరుగలేదనియు, చీకటిలో బెదరిన సైనికులు తమవారిపైననే కాల్చుకొని యుందురనియు తరువాతి చరిత్రకారులు తేల్చిరి.

గ్రంథాలయము దగ్ధమైన వార్త వినినంతనే లోకము నివ్వెరపోయినది. గేటే, కాంటు, బీథోవెన్‌లను కన్న జాతియేనా ఈ పని చేసినది అని పలుదేశముల పండితులు ప్రశ్నించిరి. సరిగా నలుబది దినములకు, అక్టోబరు 4 వ తేదీన, ఆ ప్రశ్నకు జర్మనీనుండి సమాధానము వెలువడినది. అది ప్రభుత్వము వెలువరించిన ప్రకటన కాదు. నాగరిక ప్రపంచమును సంబోధించి 93 మంది విద్వాంసులు, కళాకారులు సంతకములు చేసిన విజ్ఞప్తి. దానిని పది భాషలలోనికి మార్చి దేశదేశములకు పంపిరి.

ఆ సంతకములను చూచిన నేటికిని ఆశ్చర్యము కలుగును. ఎక్సురే కిరణములను కనుగొనిన రాంట్‌గెన్, క్వాంటమ్ సిద్ధాంతమునకు పునాది వేసిన మాక్స్ ప్లాంక్, వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమందిన పాల్ ఎర్లిష్, గాలిలోని నత్రజనినుండి అమ్మోనియా తీయు మార్గము చూపిన ఫ్రిట్జ్ హేబర్, మనస్తత్త్వశాస్త్రమునకు ప్రయోగశాల నెలకొల్పిన వుండ్ట్, నాటకకర్త హౌప్ట్‌మన్, చిత్రకారుడు మాక్స్ లీబర్‌మన్ అందు గలరు. పత్రమును రచించినవాడు లుడ్విగ్ ఫుల్డా యను నాటకకర్త. అందు ఆరు ఖండికలు నిషేధవాక్యముతోనే ప్రారంభమగును. యుద్ధమునకు జర్మనీ కారణము కాదు. బెల్జియము తటస్థతను అన్యాయముగ భంగపరుపలేదు. అగత్యము లేక ఒక్క పౌరునికైనను హాని చేయలేదు. లూవేన్ యెడల క్రూరముగ ప్రవర్తింపలేదు. అంతర్జాతీయ న్యాయమును ఉల్లంఘింపలేదు. జర్మను సైనికశక్తి లేనిచో జర్మను సంస్కృతియే మిగులకుండెడిది. ఇది దాని సారాంశము.

ఇందొక విచిత్రమున్నది. బెల్జియములో ప్రవేశించుట అంతర్జాతీయ న్యాయమునకు విరుద్ధమని ఆగష్టు 4 వ తేదీననే జర్మను ప్రధానామాత్యుడు బేట్మన్ హోల్వెగ్ పార్లమెంటులో స్వయముగ ఒప్పుకొని, ఆ తప్పును పిదప సరిదిద్దుదుమని వాగ్దానము చేసియుండెను. ఏలినవాడు ఒప్పుకొనిన దానిని, రెండునెలల పిమ్మట, ఏలుబడితో సంబంధములేని పండితులు కాదనిరి!

సత్యాన్వేషణమే వృత్తిగా గలవారు ఇట్లేల చేసిరి? 1871 వరకు జర్మనీ అను ఏక రాజ్యము లేదు. చిన్న పెద్ద సంస్థానములుగ చీలియున్న ఆ ప్రజలను కలిపి యుంచినవి భాష, కవిత్వము, సంగీతము, విద్య. 1806 లో నెపోలియను చేతిలో ప్రష్యా ఓడి చితికిపోయిన పిదప, ఫ్రెంచిసేనల యాక్రమణలో నున్న బెర్లినులోనే ఫిష్టే జాతిని మేల్కొలుపు ఉపన్యాసములు చేసెను. 1810 లో బెర్లిను విశ్వవిద్యాలయము వెలసినది. విద్యాలయమును జాత్యభిమానమును అచట కవలలవలె పెరిగినవి. పైగా జర్మను ఆచార్యుడు ప్రభుత్వోద్యోగి; జీతము, బిరుదు, పింఛను ప్రభుత్వమువే. కుల్టూర్ అను మాటకు వారు చెప్పుకొనిన యర్థము కూడ గమనింపదగినది. అది ఆత్మకు, లోతునకు సంబంధించినదనియు, ఫ్రాన్సు, ఇంగ్లండులది కేవలము బాహ్యమైన నాగరికత యనియు వారి యెన్నిక. అట్టివారికి యుద్ధము సంస్కృతీ రక్షణముగ తోచుటలో వింత యేమి?

అయినను ఈ కారణములన్నియు చెప్పిన తరువాత కూడ ఒక చిక్కు మిగులును. సంతకము చేసినవారిలో పలువురు ఆ పత్రమును చదువనేలేదు. తంతివార్త వచ్చినది, పేరు చేర్చుకొనుడని బదులు పోయినది. కార్యాలయములలో కాగితము చూడకయే సంతకము పడుట ఎరుగనిది కాదు. కాని అచట పెద్దపెట్టున ఆధారములడుగు శాస్త్రజ్ఞులే, లూవేనులో ఏమి జరిగినదో ఎరిగిన ఒక్క సాక్షినైన విచారింపక, జరుగలేదని లోకమునకు హామీ యిచ్చిరి. గొట్టింగెన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ నిరాకరించెను. ఆతని సహాచార్యుడు ఫెలిక్స్ క్లైన్ సంతకము చేసెను. కనుక కాదనుట అసాధ్యమేమియు కాదు. ఆ నెలలోనే 3 వేలకు పైబడిన విశ్వవిద్యాలయోపాధ్యాయులు మరియొక ప్రకటనపై సంతకములు చేసిరి.

ఎదురు పలికిన కాగితము కూడ ఒకటి పుట్టినది. గెయార్గ్ నికొలాయ్ యను బెర్లిను హృద్రోగవైద్యుడు యూరపు వాసుల నుద్దేశించి వేరొక విజ్ఞప్తి వ్రాసెను. ఈ యుద్ధమున గెలిచినవారును ఓడినవారును సమముగ నష్టపోవుదురనియు, విద్యావంతులు ఐక్యయూరపును గూర్చి యోచింపవలె ననియు దాని భావము. ఆతడెందరికో చూపెను. బాగున్నదని మెచ్చినవారు కలరు. సంతకము చేసినవారు మువ్వురు. ఆ వసంతముననే బెర్లిను చేరిన ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ ఒకడు, ఒట్టో బూక్ మరియొకడు, ఎనుబదియొక్క యేండ్ల ఖగోళవేత్త ఫోర్‌స్టర్ మూడవవాడు. ఈ వృద్ధుడు తొంబదిమువ్వురిలో నొకడు! ముందటి తప్పును ఇంత త్వరగ దిద్దుకొనినవాడు వేరొకడు కానరాడు. ఆ విజ్ఞప్తి జర్మనీలో అచ్చు పడలేదు. 1917 లో జ్యూరిచ్ నగరమున నికొలాయ్ గ్రంథముతోపాటు వెలుగు చూచినది. నికొలాయ్ పదవి పోగొట్టుకొని, 1918 లో విమానమున డెన్మార్కునకు పారిపోయెను. యుద్ధానంతరము తిరిగివచ్చినను బెర్లిను విశ్వవిద్యాలయము ఆతనిని బోధింప తగనివానిగ నెంచినది. దక్షిణ అమెరికాకు వలసపోయి, 1964 లో చిలీ దేశమున మరణించెను.

తొంబదిమువ్వురి సంతకములు జర్మను శాస్త్రమునకే శాపమైనవి. ప్యారిస్ శాస్త్రపరిషత్తు వారిలోని తన సభ్యులను తొలగించినది. యుద్ధము ముగిసిన పిదప అంతర్జాతీయ సంఘములు చాలకాలము జర్మనులను చేర్చుకొనలేదు. ప్లాంక్ మాత్రము 1916 లోనే డచ్చి శాస్త్రజ్ఞుడు లొరెంట్జ్‌కు బహిరంగలేఖ వ్రాసి, జర్మనులు చేసిన ప్రతి కార్యమును సమర్థింపజాలమని ఒప్పుకొనెను. 1921 నాటికి జీవించియున్న 76 మందిలో 60 మంది ఏదో యొక పరిమాణమున పశ్చాత్తాపము తెలిపిరని అప్పటి పత్రికావార్త. 1919 జూన్ నెలలో రొమే రోలా వెలువరించిన ఆత్మస్వాతంత్ర్య ప్రకటనపై ఐన్‌స్టైన్, నికొలాయ్‌లతోపాటు మన రవీంద్రనాథ ఠాకూరు సంతకము చేసెను. విద్వాంసులు తమ మేధను రాజ్యములకు దాసి చేయరాదన్నది దాని యాశయము.

సంతకము చేసినవారిని వారి దేశమెట్లు చూచినది? హేబర్ 1915 ఏప్రిల్ 22 న ఈప్ర్ రణరంగమున క్లోరిన్ విషవాయువు ప్రయోగమును దగ్గరుండి నడిపించెను. కొలది దినములకే ఆతని భార్య, తానును రసాయనశాస్త్రజ్ఞురాలైన క్లారా, తుపాకితో కాల్చుకొని మరణించెను. ఇంతటి దేశభక్తుడును 1933 లో, యూదు సహోద్యోగులను తొలగింపుమను ఆజ్ఞకు లోబడక, పదవి వదలి దేశము విడిచెను. మరుసటి యేడు బాసెల్‌లో కన్నుమూసెను. యూదు వంశజుడగుటచే లీబర్‌మన్ 1933 లో కళాపరిషత్తును వీడవలసి వచ్చినది. నిర్బంధశిబిరమునకు పంపుదురని తెలిసి ఆతని వితంతువు మార్తా 1943 లో ఆత్మహత్య చేసికొనినది. జర్మను సంస్కృతి తరఫున ఆ పత్రమును వ్రాసిన ఫుల్డాను జర్మను సంస్కృతికి చెందనివాడని వెడలగొట్టిరి. 1939 లో ఆతడును బెర్లినులో ప్రాణము తీసికొనెను. ప్లాంక్ పెద్దకుమారుడు 1916 లో వెర్డన్ యుద్ధమున మరణించెను. మరియొక కుమారుడు ఎర్విన్‌ను, హిట్లరుపై కుట్రలో పాలుగొనెనని, 1945 జనవరిలో ఉరితీసిరి. అయినను అందరి కథయు ఒక్కటి కాదు. తొంబదిమువ్వురిలో నొకడైన లెనార్డ్ హిట్లరు పక్షమున నిలిచి, ఐన్‌స్టైన్ సిద్ధాంతములు యూదువని నిందించుచు, జర్మను భౌతికశాస్త్రము అను వింతపేరుతో నాలుగు సంపుటములు వెలువరించెను.

లూవేన్ గ్రంథాలయమునకు నష్టపరిహారముగ పుస్తకములు, వ్రాతప్రతులు ఇచ్చుకొనవలెనని వర్సాయి సంధిలోని 247 వ అధికరణము జర్మనీని శాసించినది. అమెరికా ప్రజల విరాళములతో క్రొత్త భవనము లేచి 1928 లో ప్రారంభమైనది. 1940 మే నెలలో జర్మను సేనలు మరల బెల్జియములో ప్రవేశించినవి. గ్రంథాలయము రెండవసారి తగులబడినది. ఈ మారు పోయినవి సుమారు 9 లక్షల గ్రంథములు. జర్మనీనుండి పరిహారముగ వచ్చిన పుస్తకములును చాలవరకు వానితోనే పోయినవి.