‘నిల్’ వచ్చిందా?

సత్తెనపల్లిలో స్థలం బేరం కుదిరాక, బయానా చేతులు మారేలోపు వినిపించే మాట ఒకటుంది: “ఈసీ తీశారా?” ఈసీ అంటే ఆ ఆస్తి మీద లావాదేవీలేమైనా నమోదయ్యాయో లేదో చెప్పే ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్. తీస్తే ‘నిల్’ వచ్చిందంటే కొనేవాడికి సగం బెంగ తీరినట్టే. వెతికితే ఏమీ దొరకలేదన్న కబురుకు ఇంత సంతోషించే చోటు రిజిస్ట్రారాఫీసు తప్ప మరోటి ఉండదేమో.

విండోస్‌కు ‘వెతికాం, ఏమీ లేదు’ అని చెప్పే ఈ మర్యాద తెలీదు. అందులో పాత ఫైళ్లను ఏరే ‘ఫర్‌ఫైల్స్’ అనే కమాండు సర్వర్ 2003 నాటికే ఉంది. 30 రోజులు దాటిన బ్యాకప్పులను చెరిపేయమని దాంతో ఓ బ్యాచ్ ఫైలు రాసి, రాత్రిళ్లు దానంతటదే నడిచేలా పెడతారు. తీరా పాత ఫైలు ఒక్కటీ లేకపోతే ‘ఎర్రర్’ అని అరిచి, పని ఎలా ముగిసిందో చెప్పే అంకె అయిన ఎర్రర్‌లెవెల్‌ను 1 చేస్తుంది. ఫోల్డరు పేరు తప్పు కొట్టినా అదే 1. చెరపడానికేమీ లేదా, అసలు వెతకనే లేదా? పొద్దున వచ్చి ఆ అంకె చూసినవాడికి తేలదు.

రిజిస్ట్రేషన్ గుమాస్తాలు ఈ రెంటినీ ఎప్పుడూ కలపలేదు. 1908 చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకానికి ఎక్కుతాయి. వాటికి ఇండెక్సులు రెండు: మనుషుల పేర్లతో ఒకటి, ఆస్తుల వివరాలతో ఇంకొకటి. ఈసీకి దరఖాస్తు వస్తే ఏడాది తర్వాత ఏడాది రెండో ఇండెక్సు దించి, ఊరి పేరు పట్టుకుని, సర్వే నంబరు మీద వేలు జరుపుకుంటూ పోవాలి. సత్తెనపల్లి ఉన్న గుంటూరు సీమ 1953 దాకా మద్రాసు ఏలుబడిలోదే. ఆ మద్రాసు పద్ధతిలో లావాదేవీలు దొరికితే 15వ నంబరు ఫారం, దొరక్కపోతే 16. లేదని చెప్పడానికీ ఓ కాగితమే! దాని మీద వెతికినవారి సంతకం వేరు, సరిచూసినవారి సంతకం వేరు. చేతనైనంత జాగ్రత్తగా వెతికామనీ, పొరపాటు దొర్లితే మాత్రం శాఖకు పూచీ లేదనీ అందులోనే ఓ గడుసు వాక్యం కూడా ఉంటుంది.

1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణకు ‘కార్డ్’ పథకం మొదలై ఉమ్మడి రాష్ట్రంలో 214 కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లోకి దిగింది. పాత ఇండెక్సుల్లో 1983 నుంచి ఉన్నవాటిని వాటిలోకి ఎక్కించారు. బ్యాచ్ ఫైళ్లకు ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్’ నేర్పిన ఎమ్మెస్-డాస్ 2.0 వచ్చిందీ ఆ 1983లోనే, కాకతాళీయమే అనుకోండి. ఆ ‘ఇఫ్’తోనూ ఒక తిరకాసుంది: 1 అని అడిగితే 1గానీ అంతకు పైదిగానీ అని అర్థం.

యునిక్స్‌లోని వెతుకులాట కమాండు ‘గ్రెప్’ మాత్రం, లేకపోవడాన్నీ వెతకలేకపోవడాన్నీ విడదీసి చెప్పడంలో నయం: దొరక్కపోతే 1, వెతకడంలోనే తేడా వస్తే 2. విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే ‘రోబోకాపీ’ది మరో దారి. ఫైళ్లు చక్కగా కాపీ అయినా 1 ఇస్తుంది, 8గానీ అంతకు పైదిగానీ వస్తేనే కంగారుపడాలి. ఫర్‌ఫైల్స్ వాడేవాళ్లు మాత్రం ముందు ‘ఇఫ్ ఎగ్జిస్ట్’తో ఫోల్డరు ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత 1 వస్తే అంకెతో సరిపెట్టుకోక దాని వెంట వచ్చిన సందేశం కూడా చదవాల్సిందే.

సత్తెనపల్లి 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చింది. ఈసీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. 1983కు ముందు సంగతి కావాలంటే మాత్రం ఇంకా ఆ పుస్తకాలే దించాలి.