గ్రంథాలయ విద్యయు, గ్రంథపఠన సుఖమును



మా వీధిలోని చిన్నది యొకతె నగరమున గ్రంథాలయ శాస్త్రము చదువుచున్నది. నాకు బంధువు కాదు. పసితనమున మా అరుగుమీద కూర్చుండి కథలు వినినది గనుక నన్ను తాతయ్యా యని పిలుచును. మొన్న కార్తికమాసములో ఆ పిల్ల నాకొక జాబు వ్రాసినది. పుస్తకములమీది ప్రేమచేతనే యీ చదువున చేరితి ననియు, ఇచట పుస్తకములను గూర్చి చదువుటయే గాని పుస్తకము చదువుట లేదనియు, వర్గీకరణము, సూచీకరణము, కంప్యూటరులో వివరము లెక్కించుట, వారమున కొక వ్యాసము, వీనితోనే ప్రొద్దు గడచుచున్న దనియు, ఇంటినుండి తీసికొనిపోయిన నవల పెట్టె యడుగుననే యున్నదనియు దాని సారాంశము. చివర "తాతయ్యా, నేను దారి తప్పితినా?" అని యడిగినది.

జవాబు వెంటనే వ్రాయలేకపోతిని. ఆ ప్రశ్న క్రొత్తది కాదు. ఆ విద్య పుట్టిన నాటినుండియు దాని వెంటనే నడచుచున్నది. నన్నును ఒకప్పుడు వేధించినది. ఆ చరిత్రమును, నాకు తెలిసినంత, నేడు మీకు మనవి చేసెదను.

పూర్వము గ్రంథములను కాపాడుట వేరొక విద్య కాదు. మఠమున నైనను, సంస్థానమున నైనను తాళపత్రములు పండితుని చేతిలోనే యుండెడివి. కట్ట విప్పువాడును, చదువువాడును, తిరిగి కట్టి అటక నెక్కించువాడును ఒక్కడే. అచ్చు వచ్చి పుస్తకములు వేలు, లక్షలైన పిమ్మట ఈ పద్ధతి సాగలేదు. అడిగిన పుస్తకము అడిగిన గడియలో తీసి యిచ్చుటకే యొక మనుష్యుడు కావలసివచ్చెను. వాడు కూర్చుండి చదువుకొనుచున్నచో వచ్చినవారి గతి యేమి? 1875లో ఆక్స్‌ఫర్డు పండితుడు మార్క్ పాటిసన్, ఐజాక్ కాసబాన్ అను పూర్వపండితుని చరిత్రము వ్రాయుచు, గ్రంథపాలకుడు చదువ మొదలిడెనా యిక చెడినట్లే యను నర్థము వచ్చునట్లు ఒక మాట విసరెను. కాసబాన్ ఫ్రాన్సు రాజుగారి గ్రంథాలయమున పనిచేసినవాడే. చదువే ప్రాణముగా గలవాడు. ఆ మాట పరిహాసమో, నిజమో గాని, గ్రంథాలయ విద్యార్థుల తలమీద నాటినుండి వ్రేలాడుచునే యున్నది.

ఆ మరుసటి యేడే, అనగా 1876లో, అమెరికాలో మెల్విల్ డ్యూయీ యనునాతడు విద్యల నన్నిటిని పది తరగతులుగా విభజించి అంకె లొసగు దశాంశ వర్గీకరణమును ప్రకటించెను. ఆతడే న్యూయార్కు నగరమందలి కొలంబియా కళాశాలలో 1887 జనవరి 5వ తేదీన గ్రంథాలయ విద్యాలయమును తెరచెను. చేరినవారు 20 మంది. అందు 17 మంది స్త్రీలు. కళాశాల ధర్మకర్తలకు స్త్రీలు తరగతులలో కూర్చుండుట రుచింపలేదు. వారు గదు లిచ్చుటకు నిరాకరింపగా, డ్యూయీ యొక సామానుకొట్టును బాగుచేయించి అందే పాఠము లారంభించెను. ఆతని పట్టుదలకు మెచ్చుకొనవలసినదే. కాని ఆతడు కాలము వ్యర్థమగుటను సహింపలేని మనిషి. తన పేరులో పలుకని యక్షరములు దండుగ యని వానిని సైతము కోసివేసికొన్నవాడు! అట్టివాని బడిలో వినోదపఠనమునకు చోటెంత యుండునో మీరే యూహింపుడు. విద్యార్థు లందరి చేతివ్రాతయు ఒక్క అచ్చున పోసినట్లుండవలెనని "గ్రంథాలయ లిపి" యను ప్రత్యేకమైన వ్రాతను గూడ వారిచే దిద్దించిరి.

ఈ పద్ధతిపై ఆ దేశమందే ఆక్షేపణ వచ్చెను. 1923లో చార్లెస్ విలియంసన్ అనునాతడు కార్నెగీ సంస్థ పక్షమున గ్రంథాలయ విద్యాలయములను పరిశీలించి నివేదిక ప్రకటించెను. గుమాస్తా పనియు, విద్వత్తు గల గ్రంథపాలకుని పనియు వేరువేరని గుర్తింపక రెంటిని కలగాపులగము చేసి నేర్పుచున్నారనియు, విశాలమైన సామాన్యవిద్య ముందుగా సంపాదించినవారినే యీ విద్యలో చేర్చుకొనవలె ననియు ఆతడు చెప్పెను. అనగా, ముందు చదువరి కమ్ము, పిమ్మట గ్రంథపాలకుడవు కమ్ము అనుట.

మన దేశమున ఈ శిక్షణము బరోడా సంస్థానమున ఆరంభమైనది. శాయాజీరావు గాయకవాడ మహారాజు 1910లో బోర్డెన్ అను అమెరికావానిని పిలిపింపగా, ఆ మరుసటి సంవత్సరము తరగతులు నడచినవి. మన ఆంధ్రదేశమున కథ వేరుగా నడచినది. ఇచట విద్యాలయము కంటె ముందు ఉద్యమము పుట్టెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగెను. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. వారికి బాల్యమునుండియు రేచీకటి. అట్టివారు గ్రంథాలయముల సభకు పెద్ద యగుట నాకు మిక్కిలి తగినదిగా తోచును. ఏలయన, ఆనాటి మన పల్లె గ్రంథాలయములలో చదువువా డొకడు, వినువారు పదిమంది. అక్షరము రానివారును గ్రంథాలయమునకు వచ్చెడివారు. 1920లో ఆ సంఘమువారు బెజవాడలో గ్రంథాలయ సేవకులకు శిక్షణ తరగతులు నడపిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువమీద పడవలో పుస్తకములు త్రిప్పిరి. పడవ రేవున కెప్పుడు వచ్చునా యని గట్టున నిలిచియున్న రైతుకు వర్గాంకముతో పని లేదు. లోపల మంచి కథ యున్నదా లేదా యనియే.

ఇక ఈ విద్యకు మన దేశమున ఆచార్యుడనదగిన రంగనాథన్ గారి కథ. 1892లో తంజావూరు మండలము శియాలిలో జన్మించిరి. తండ్రిగారు చుట్టుప్రక్కలవారిని కూర్చుండబెట్టుకొని రామాయణము చెప్పెడివారు. కుమారునకు ఆరేండ్లు నిండునప్పటికే ఆయన కాలధర్మము నొందిరి. అయినను ఆ వినికిడి ఊరక పోలేదు. పెద్దయైన పిమ్మట రంగనాథన్ గారు తమ శాస్త్రగ్రంథములలో సైతము వాల్మీకిని స్మరింపక విడువలేదు. ఆయన వృత్తి గణితోపాధ్యాయత్వము. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ప్రథమ గ్రంథపాలకులుగా నియమింపబడిరి. జీతము హెచ్చే గాని, వచ్చి పలుకరించు పాఠకుడు లేడు. పిల్లలతో కళకళలాడు తరగతిగదికి అలవాటు పడిన మనస్సు ఆ నిశ్శబ్దమును భరింపలేకపోయెను. వారము తిరుగక మునుపే, మరల నన్ను బడికే తీసికొనుడని ప్రాధేయపడిరి. లండనుకు పోయి ఆ విద్య నేర్చుకొని రండు, అప్పటికిని రుచింపనిచో చూతమని పెద్దలు నచ్చజెప్పిరి.

లండనులో గురువు బెర్విక్ సేయర్సు. ఆయన క్రోయిడన్ పట్టణ గ్రంథాలయాధిపతి. రంగనాథన్ గారు తరగతిలో చెప్పు వర్గీకరణములతో తృప్తి నొందక, నూటికి పైగా గ్రంథాలయములు తిరిగి చూచిరి. అచట పిల్లలు, శ్రామికులు, గృహిణులు తమకై తాము చదువుకొనుచుండుట కన్నులార గాంచిరి. ఆయన మనసు మార్చినది పాఠ్యక్రమము కాదు, ఆ దృశ్యమని నా నమ్మకము. 1925లో తిరిగి వచ్చిన పిమ్మట గణితము మాట మరల నెత్తలేదు. 1929 వేసవిలో మద్రాసు గ్రంథాలయ సంఘము పక్షమున శిక్షణ విద్యాలయ మారంభించిరి. 1931లో పంచసూత్రములను, 1933లో ద్విబిందు వర్గీకరణమును ప్రకటించిరి. ఆ యైదు సూత్రములలో మొదటిది పుస్తకము ఉపయోగమునకే యనునది. దానిని మాటగా నందించినవారు ఆయనకు గణితము చెప్పిన రాస్ దొరగారు. పుస్తకము ఉపయోగమునకైనచో, దానిని గూర్చిన విద్యయు ఉపయోగమునకే కదా! చదువరి లేనిచో ఆ అంకెలన్నియు గోడమీది గీతలు.

ఇచట నాదొక చిన్నమాట. ఆ వర్గీకరణము చూచి భయపడువారిని కంటిని; నాకు మాత్రము భయము కలుగలేదు. చిన్ననాట గురువుగారియొద్ద అమరము వల్లించితిని. స్వర్గవర్గము, వ్యోమవర్గము, దిగ్వర్గము, కాలవర్గము, వనౌషధివర్గము అని లోకమునంతయు వర్గములుగా కట్టి పెట్టిన నిఘంటువది. అర్థము తెలియకయే వల్లించితిమి, బెత్తముదెబ్బలు తింటిమి. పిమ్మట రఘువంశము మొదలుపెట్టినప్పుడు, ఆ నోటికి వచ్చిన మాటలు ఒక్కొక్కటిగా దీపములవలె వెలిగినవి. అమరముతోనే చదువు ఆగిపోయినవాని సంగతి తలచుకొన్నచో జాలి కలుగును.

గ్రంథపాలకుడు చదివిన చెడునను మాటకు మన తెలుగువారి సమాధానము మానవల్లి రామకృష్ణకవిగారు. తంజావూరు సరస్వతీమహలులో తాళపత్రములు కట్టలు కట్టలుగా నుండెను. పైపేరు చూచి పట్టికలో కెక్కించి, కట్ట తిరిగి కట్టివేయువారికి అవి పట్టికలో నొక పంక్తి మాత్రమే. రామకృష్ణకవిగారు విప్పి చదివిరి. నన్నెచోడుని కుమారసంభవము బయటపడెను. 1909లో దాని మొదటి భాగమును అచ్చువేయగా, ఈ కవి నన్నయకు ముందటివాడా, వెనుకటివాడా యని పండితలోకము రెండుగా చీలి చాలకాలము వాదించుకొన్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున చిరకాలము పనిచేసిరి. చాటుపద్యములపై మక్కువతో వారు కూర్చిన చాటుపద్య మణిమంజరి లేనిచో ఎన్ని పద్యములు పెద్దల నోటితోనే పోయియుండెడివో! వీరెవ్వరును పని మాని చదివినవారు కారు. చదువుటచేతనే వారి పని అంతటిదైనది.

ఇన్ని చెప్పితిని గాని, నా నడవడి యిట్లు లేదు. అదియు చెప్పవలెను.

1982లో, ఉపాధ్యాయోద్యోగము రాకమునుపు, ఒక పట్టణమున అయిదు నెలల గ్రంథాలయ శిక్షణకు పోయితిని. అప్పటికి మా యూరి గ్రంథాలయపు అరుగుమీద ప్రతి సాయంకాలము తిక్కనగారి విరాటపర్వము చదివి అర్థము చెప్పుచుంటిని. కీచకవధ ముగిసినది. శ్రోతలలో ఒక వృద్ధుడైన వడ్రంగి యుండెను. గ్రంథాలయపు బీరువా ఆతడు కూలి పుచ్చుకొనక చేసినదే. ఆతనికి అక్షరములు రావు. పట్టణము మాకు పది క్రోసులే. ఆదివారములు వచ్చి చదువగలను. వచ్చితిని గూడ. కాని వచ్చి, కార్డులు ముందు వేసికొని సూచీకరణము దిద్దుకొనుచుంటిని. పరీక్షలో మొదటివాడను కావలెనని ఆశ. వడ్రంగి అరుగు చివర నిలిచి, "పంతులుగారూ, అర్జునుడు ఆ ఆడవేసం ఎప్పుడు విప్పుతాడండీ?" అని యడుగును. పరీక్ష కానిమ్ము తాతా, అందును. మూడు నాలుగు ఆదివారము లడిగెను. పిమ్మట నేనే రాక మానితిని.

పరీక్షలో మొదటి తరగతి వచ్చినది. ఊరికి వచ్చి అరుగుమీద పుస్తకము విప్పి, ఆతనికై కబురు పంపితిని. ఇరువది దినముల క్రిందటనే పోయినాడని చెప్పిరి. ఆ నాడు నేను వ్రాసిన కార్డులు నేటికిని నాయొద్ద నున్నవి. వానిలో నొక్క తప్పు లేదు.

చిన్నదానికి ఈ సంగతు లన్నియు వ్రాసితిని. పాఠములు మానుమని వ్రాయలేదు. రాత్రి నిద్రకు ముందు అరగంట పెట్టె యడుగునున్న నవలకు ఇమ్మనియు, ఆ అరగంటలో కలము చేత పట్టవలదనియు వ్రాసితిని. వడ్రంగి మాటయు వ్రాసితిని. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, నవల సగమైన దని చెప్పినది. ఆ సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీద ఉత్తరగోగ్రహణము ఆ పిల్లయే చదివినది. నేను అర్థము చెప్పితిని. వినుటకు ఏడుగురు వచ్చిరి. జమ్మిచెట్టు ఘట్టముదాక సాగినది. మిగిలినది ఉగాదికి వచ్చి చదివెద నన్నది.