బండి నెత్తిన బరువు

ఉప్పల్ కూడలి నుండి నాచారము వైపు తిరిగినచో రేకుల షెడ్లు, వెల్డింగు మెరుపులు, లేతు యంత్రముల రొద మనకెదురగును. ఇటీవల ఈ షెడ్ల ముందు జీపుజాతి బండ్లు నిలిచి, నెత్తిపై ఇనుప చట్రములు బిగింపించుకొనుట మేము చూచుచున్నాము. ఆ చట్రమునకు నీటిడబ్బా కొకటి, పార కొకటి, పొడుగు జాకీ కొకటి, గుడారపు గుడ్డ కొకటి చొప్పున వేర్వేరు పట్టీలు, కొక్కెములు. సెలవుదినములలో అడవిదారి పట్టువారి వేడుక యిది. చూపునకు క్రొత్తదే గాని, ప్రయాణసామగ్రిని ఎక్కడ కట్టవలెను, ఎట్లు కట్టవలెను అను ప్రశ్న మిక్కిలి పాతది. దాని చరిత్రలో ఉప్పల్‌కును కొంత పాలు కలదు.

మొదట ఒక త్రాటి కథ చెప్పెదము. 1802లో విలియం లాంబ్టన్ దొర మద్రాసున భూమిని త్రిభుజములుగా కొలుచు మహా సర్వేను ఆరంభించెను. కోణములను కొలుచుటకు ఆయన తెప్పించిన థియొడొలైటు అర టన్ను బరువు. లండనులో కేరీ అను శిల్పి చేసినది. త్రోవలో ఫ్రెంచివారు ఓడతో కూడ దానిని పట్టుకొని మారిషస్ ద్వీపమునకు కొనిపోయి, పిమ్మట మర్యాదగా పంపివేసిరి. శత్రువు చేతిలో చెడని యంత్రము స్వపక్షపు త్రాటివలన చెడినది! 1808లో తంజావూరు ఆలయ గోపురముపైకి ఎక్కించుచుండగా మోకు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని, దాని చక్రము వంకరపోయెను. లాంబ్టన్ గుడారములో ఆరు వారములు కూర్చుండి, చీలలు, మరలు, కప్పీల సాయముతో ఆ చక్రమును మరల గుండ్రమునకు తెచ్చెను. ఆ సర్వేయే 1815లో బీదరు చెంతనున్న దామరగిద్ద చేరినది. 1818లో జార్జి ఎవరెస్టు ఆయనకు సహాయకుడై వచ్చినది మన హైదరాబాదునకే.

మోటారు వచ్చిన పిమ్మట బరువు బండి పైకెక్కెను. 1932 జూనులో నిజాం ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనది. బస్సు వెనుక నిచ్చెన, టాపుపై చుట్టును కమ్ములు, వాని నడుమ పరుపుచుట్టలు, మామిడిపండ్ల గంపలు, అప్పుడప్పుడొక మేకపిల్ల: ఇది పెద్దవారెల్లరు ఎరిగిన దృశ్యమే.

జీపు సంగతి వేరు. 1941 నుండి అమెరికా సైన్యమునకై తయారైన విల్లీస్ జీపును పరికింపుడు. పారయు గొడ్డలియు ఎడమ ప్రక్క రేకుపై, పట్టీలతో బిగింపబడియుండును. నూనెడబ్బా వెనుక భాగమున నుండును. పైకప్పు కేవలము గుడ్డ. ఆ డబ్బా జర్మనులు యుద్ధమునకు ముందే రూపొందించినది. బ్రిటిషు సైనికులు జర్మనులను ‘జెర్రీ’ యని వ్యవహరించుటచే దానికి జెర్రీ డబ్బా యను పేరు నిలిచెను. మహీంద్రా వారు 1947లో మన దేశమునకు తెచ్చినది ఈ విల్లీస్ జీపునే. దానిని నిర్మించినవారు బరువును నేలకు దగ్గరగా నుంచిరనుట మనము గమనింపవలసిన విషయము. నెత్తిపై చట్రము గట్టి కప్పుగల బండ్లతో ప్రబలినది. 1955 సెప్టెంబరులో లండను విడిచిన ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులార్వురు రెండు లాండ్‌రోవర్లతో 1956 మార్చిలో సింగపూరు చేరిరి. ఆ బండ్ల నెత్తిపై సామాను కిక్కిరిసియుండెను. అట్టి యాత్రల ఛాయాచిత్రములే నేటి వేడుకకు మూలమని మా అభిప్రాయము.

ఇక ఉప్పల్. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో హైదరాబాదున స్థాపితమైనది. ఉప్పల్ రోడ్డునందే దాని ఆవరణము. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ కేంద్రము 1967లో ఉప్పల్‌నందు వెలసినది. రెండును బండికి సామాను కట్టక పని జరుగని విద్యలే. 1972లో ఈ భూభౌతిక సంస్థవారు సోవియట్ శాస్త్రజ్ఞులతో కూడి, నెల్లూరు జిల్లా కావలి నుండి పడమటి తీరపు ఉడిపి వరకు, సుమారు 600 కిలోమీటర్ల పొడవున, ప్రేలుళ్లు కల్పించి ఆ కంపనముల ద్వారా భూగర్భమును శోధించుట ప్రారంభించిరి. తీరమునుండి తీరమునకు తీగలు, కంపనగ్రాహకములు మోసికొనిపోవలసిన పని! అట్టి పనులలో గుడారములు పైకెక్కవచ్చును గాని, భూమ్యాకర్షణలోని కించిద్భేదమును పట్టు గ్రావిమీటరును ఎవ్వరును నెత్తికెక్కింపరు.

నేటి వేడుకగాండ్రు ఈ తారతమ్యమునే మరచుచున్నారు. ఇరువది లీటర్ల నీటిడబ్బాలు రెండు నింపినచో నీరే 40 కిలోలు. పొడుగు జాకీ సుమారు 13 కిలోలు. డబ్బాలు, పార, చట్రము తమ బరువును చేర్చును. పైకప్పు ఎంత మోయగలదో తయారీదారులు బండితో ఇచ్చు పుస్తకములో వ్రాయుదురు. ఆ పరిమితిలో చట్రము బరువు కూడ చేరును. అది పరుగెత్తు బండికి చెప్పిన లెక్క. నిలిచిన బండిపై నలుగురు ఎక్కి కూర్చుండిన ఏమియు కాలేదను వాదము చెల్లదు. బండి ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. తలబరువు పెరిగిన కొలది ప్రక్కవాలున ఒరుగును, మలుపున తూలును. తెగి పడినచో వెనుక వచ్చు సైకిలువాని ప్రాణమునకు ముప్పు. బండి స్వరూపమును మార్చుటపై 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను విధించిన హద్దులను కూడ తెలిసికొనవలెను.

బిగించు తీరు కష్టము కాదు. పలుచని కమ్మికి నేరుగా బోల్టు దిగింపక, అడుగున పలక వేసి బరువును పంచవలెను. అల్యూమినియమునకు ఉక్కు తగులు చోట తుప్పు పుట్టకుండ నడుమ నైలాన్ వాషరు వేయవలెను. అదురునకు వదులు కాని లాకు నట్లు వాడవలెను. పొడుగు వస్తువులు బండి పొడవు వెంట, బరువైనవి నడుమ. నీరు, జాకీ లోపల సీటు వెనుక అడుగున నుంచినచో ఇంకను మేలు. పెట్రోలు డబ్బా ఎండలో నెత్తిపై నుంచుట మాత్రము మేమొప్పుకొనము.

క్రొత్తగా బిగించిన నట్లు మొదటి ప్రయాణములో కొంత సర్దుకొని వదులగును. ఉప్పల్ నుండి వరంగల్లు త్రోవ పట్టినవారు భువనగిరి గుట్ట చెంత బండి నిలిపి, పానా తీసి, ఒక్కొక్క నట్టును మరల బిగించి ముందుకు సాగవలెను.