చచ్చినవాని వ్యాజ్యము

దేశాంతరము పోయినవాడు మృతుడయ్యెనని నమ్మి బంధువులు కర్మ చేసిన పిమ్మట వాడు తిరిగివచ్చినచో, జాతకర్మ మొదలుకొని సంస్కారములన్నియు మరల జరిపి, తన భార్యనే మరల పెండ్లాడవలెనని మన ధర్మశాస్త్రగ్రంథములు విధించుచున్నవి. చదువరులకు నవ్వు వచ్చును. కాని కర్మ జరిగినవాడు ఊపిరి విడుచుచున్నంతమాత్రమున బ్రతికినవాడు కాడని పూర్వులెరిగిన సంగతియే వంగదేశమున న్యాయస్థానము కెక్కినది.

ఢాకా జిల్లాలోని భావాల్ జమీందారీ సోదరులు మువ్వురిలో రెండవవాడు రమేంద్రనారాయణ రాయ్ 1909 మే నెలలో డార్జిలింగులో మరణించెననిరి. వైద్యుడు పత్రమిచ్చెను, ఇంట శ్రాద్ధము జరిగెను, భార్య విభావతీదేవి తెల్లచీర కట్టెను. తక్కిన సోదరులును గతించిరి; ఎస్టేటు కోర్టు ఆఫ్ వార్డ్సు వశమయ్యెను.

పండ్రెండేండ్లకు, 1921 లో, ఢాకాలో బూడిద పూసికొని కూర్చుండిన యొక సన్న్యాసిని జనులు ఆ కుమారుడే యనిరి. వానకు శవవాహకులు చెదరిపోగా సాధువులు తన్ను శ్మశానమునుండి కొనిపోయిరని యతడు చెప్పెను. తోబుట్టువు గుర్తించెను, రైతులు నజరులు తెచ్చిరి. మోసగాడని కలెక్టరు ప్రకటించెను. సర్కారు కాగితములలో చచ్చినవాడు బ్రతుకుటకు వ్యాజ్యము తప్ప మార్గము లేదు గదా! 1930 లో దావా వేసెను. వేయిన్నైదువందలకు మించిన సాక్షులు వచ్చిరి. కాలిమీది బండిచక్రపు మచ్చ, పాదముల గరుకు చర్మము, చేవ్రాలు, అన్నియు పరీక్షించి 1936 లో న్యాయాధిపతి పన్నాలాల్ బసు ఇతడే కుమారుడని తీర్పు చెప్పెను. 1940 లో కలకత్తా హైకోర్టున ముగ్గురిలో నిరువురు దాని నంగీకరించిరి. 1946 జూలై 30 న ప్రీవీ కౌన్సిలును స్థిరపరచెను. కొలది దినములలోనే యతడు నిజముగా మరణించెను.

మాకు మరపురానిది విభావతీదేవి. తీర్పులన్నియు నీ భర్త జీవించియున్నాడనుచుండగా, ఆమె కాదని విధవగానే యుండెను. భర్త బ్రతికినచో వితంతువుగా తనకు వచ్చు రాబడి పోవును గావున, ధనాశయే కారణమని పలువురు నిందించిరి. ఆమె సోదరుని ప్రోద్బలమనిరి. ఆమె మనసున నేమున్నదో మేము చెప్పజాలము. అయినను ఒకటి తోచుచున్నది. తిరిగివచ్చినవానిని మరల పుట్టించుటకు మంత్రములున్నవి. వాని పేర వైధవ్యమున గడచిన యౌవనమును తిరిగి యిచ్చు మంత్రము మే మెందును చూడలేదు. ఆమె సమ్మతి నడిగిన శాస్త్రమును లేదు, చట్టమును లేదు. వ్యాజ్యమున ఆమె యొక ప్రతివాది, అంతియే.

వాది మరణించిన వెనుక, అతని వితంతువుగా ఆమెకు చట్టప్రకారము సొమ్ము రావలసియుండెను. ఆమె పుచ్చుకొనలేదు. న్యాయస్థానముల లెక్కలో ఆమె 1946 లో విధవ. తన లెక్కలో 1909 లోనే.