ఖైదీ సంఖ్య 174517

ప్రిమో లెవీ 1919 లో ఇటలీలోని టూరిన్ నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. 1938 లో ముస్సోలినీ ప్రభుత్వము యూదులకు విద్యాలయముల ద్వారములు మూసివేసెను. అప్పటికే విశ్వవిద్యాలయమున చేరియుండుటచే లెవీ రసాయనశాస్త్ర విద్య కొనసాగినది. 1941 లో ఆతడు ఉన్నతశ్రేణిలో పట్టా పొందెను. ఆ పట్టామీద ఆతని జాతి యూదుజాతి యని కూడ వ్రాసిరి!

ఫాసిస్టులను ఎదిరించు దళములో చేరి 1943 డిసెంబరులో లెవీ పట్టుబడెను. 1944 ఫిబ్రవరిలో ఆతనితోపాటు 650 మందిని సరకుల రైలుపెట్టెలలో కుక్కి, జర్మనుల ఆక్రమణలోనున్న పోలెండులోని ఆష్‌విట్జ్ శిబిరమునకు పంపిరి. అందు 96 మంది పురుషులను, 29 మంది స్త్రీలను మాత్రమే పనికి ఏరుకొనిరి. తక్కినవారిలో ఒక్కరును రెండు దినములు బ్రతుకలేదు. పురుగులను చంపుటకై తయారైన హైడ్రోజన్ సయనైడుతో అచ్చట మనుష్యులను చంపుచుండిరి.

లెవీ ఎడమచేతిపై 174517 అను సంఖ్యను పచ్చపొడిచిరి. మోనోవిట్జ్‌లో కృత్రిమ రబ్బరు కర్మాగార నిర్మాణమున ఆతడు బరువులు మోసెను. ఆ కర్మాగారమునుండి కడవరకు రబ్బరు వెలువడనేలేదు.

తుదకు ఆతని చదువే ఆతనికి అక్కరకు వచ్చినది. జర్మను రసాయనవేత్త యొకడు పరీక్షించిన పిదప, 1944 చివరి మాసములలో ప్రయోగశాలలో చోటు దొరకినది. అచ్చట పేరులేని చిన్న కడ్డీలు కనబడినవి. చాకుతో గీకగా నిప్పురవ్వలు రాలినవి. అవి ఇనుము, సీరియముల మిశ్రలోహమని, సిగరెట్టు లైటర్లలోని రాయి దీనితోనే చేయుదురని ఆతడు గ్రహించెను. వాటిని దొంగిలించి, రహస్యముగా అరగదీసి, రొట్టెకు మార్చుకొనెను.

1945 జనవరిలో జర్మనులు నడువగల ఖైదీలను మంచులో తరలించుకొనిపోయిరి. దారిలో అనేకులు మరణించిరి. జ్వరముతోనున్న లెవీ రోగులతో మిగిలిపోయెను. ఆతడును ఇద్దరు సహచరులును ఒక పొయ్యిని వెదకి తెచ్చి గదిని వెచ్చజేసిరి. అప్పుడు రోగులు తలకొక రొట్టెముక్క వారికి ఇచ్చిరి. అంతవరకు పొరుగువాని రొట్టెను కాజేయుటయే శిబిరధర్మము. ఖైదీలు మరల మనుష్యులగుట ఆ క్షణముననే ఆరంభమైనదని లెవీ తలచెను. జనవరి 27 న సోవియట్ సేనలు వచ్చినవి.

ఈ జ్ఞాపకములు 1947 లో గ్రంథమైనవి. తొలుత అచ్చయినవి 2,500 ప్రతులు మాత్రమే. 1958 నాటి పునర్ముద్రణతో అది లోకప్రసిద్ధమైనది. రంగుల కర్మాగారములో పనిచేయుచునే లెవీ వ్రాసెను. 1987 లో మరణించెను. కర్మాగారపు నివేదికవలె స్పష్టముగా, క్లుప్తముగా వ్రాయుటే తన ఆదర్శమని ఆతడు చెప్పెడివాడు. తాను సాక్షి; తీర్పు చెప్పవలసినవారు చదువరులు.